ఊటీ పోని ఎండాకాలం

మార్చి 23, ఆదివారం

మే ఇరవై తొమ్మిదికి మా పెళ్ళయి ఏడాది. ఆ రోజుకు ఊటీలో ఉండాలని సామ్యూల్ ఆశ. రైల్వేలో నౌకరీ ఉండి, పాసు ఉండి, పెళ్ళాన్ని బీబీనగర్ కూడా దాటించలేదని నేను ఏడిపిస్తుంటాను. అందుకే కావచ్చు. "స్వెట్టర్లు కొనాలె," అన్నాడు. మా జహనుమా ఇంట్లో ఇప్పుడే ఫ్యాను వేడి గాలి కొడుతోంది. స్వెట్టర్ మాటకు ఇద్దరం చాలాసేపు నవ్వాం. క్రిస్మస్ ముందు అత్తమ్మ పోయాక ఈ ఇంట్లో నవ్వు ఇదే మొదలు.

చివరికి అతనే అన్నాడు. "మరి డానియేలు?"

"తోలుకపోదాం. వానికి రైలంటే పాణం గద."

పక్కింటి వాళ్ళ దగ్గర నాలుగు రోజులు ఉంచే మనిషి కాదు సామ్యూల్ తమ్ముడు డానియేలు. ఇరవై మూడేళ్ళ ఒళ్ళు, నాలుగేళ్ళ మనసు. మాటలు కూడా లెక్కపెట్టినన్నే. అమ్మ, అన్న, వదిన, అన్నం, బండి. అత్తమ్మ ఉన్నప్పుడు అన్నీ ఆమే చూసుకునేది. ఇప్పుడు స్నానం వాళ్ళన్న చేయిస్తాడు, అన్నం నేను పెడతాను.

ముగ్గురం పోతే ఏమవుతుంది. వాడు కిటికీ దగ్గర కూచుంటే మాకు పనే ఉండదు.

ఏప్రిల్ 2

మూడు రాత్రులుగా డానియేలు నిద్రపోవడం లేదు. అత్తమ్మ చీర కోసం పెట్టె అంతా వెతికి, దొరక్క, గోడకు తల కొట్టుకున్నాడు. బడిలో నా క్లాసు పిల్లలు పద్యం చెబుతుంటే నేను కుర్చీలోనే నిద్రపోయాను. హెడ్ మేడం చూసింది. ఇంటికొచ్చి చపాతీ ఒత్తుతూ ఒత్తుతూ పీట మీదికి తూలాను. సామ్యూల్ వచ్చి నా చేతిలోంచి కర్ర తీసుకున్నాడు. "నువ్వు పోయి పండు," అన్నాడు. అంతే అన్నాడు. మంచివాడు.

ఏప్రిల్ 5, శనివారం

డానియేలు కనబడడం లేదు.

ఏప్రిల్ 6

నిన్న నేను బడి నుంచి వచ్చేసరికి ఇంటికి తాళం ఉంది. ఇద్దరూ బయటికి వెళ్ళారనుకున్నాను. చీకటి పడ్డాక చాలాసేపటికి సామ్యూల్ ఒక్కడే వచ్చాడు. చొక్కా చెమటకు ఒంటికి అతుక్కుపోయి ఉంది. బండ్లు చూపిద్దామని యాకుత్‌పురా స్టేషనుకు తీసుకెళ్ళాడట. బజ్జీలు కొని వెనక్కి తిరిగేసరికి లేడట. అప్పటి నుంచి పట్టాల వెంట వెతుకుతూనే ఉన్నాడట.

చెబుతూ చెబుతూ గడపలోనే కూలబడి ఏడ్చాడు. అతను ఏడవడం అత్తమ్మ చావులో కూడా చూడలేదు.

ఇంటి ఓనరు ఖాలా మెట్ల మీద నిలబడి అడిగింది. "కుఛ్ పతా చలా బేటీ?" ఏమీ తెలియలేదని తల అడ్డంగా ఊపాను.

ఏప్రిల్ 9

పోలీస్ స్టేషన్‌లో భిక్షపతి అనే కానిస్టేబుల్ మంచిగా మాట్లాడాడు. ఫొటో తీసుకున్నాడు. "యాకుత్‌పురాల బండెక్కిండంటే ఇటు ఫలక్‌నుమా, అటు కాచిగూడ. ఆ దిక్కున్న స్టేషన్లన్నిటికీ పంపుతం. కర్నూల్ దాంక చెప్తం. ఫికర్ చెయ్యకమ్మా, ఇసుంటోళ్ళు దొరుకుతరు," అన్నాడు.

సామ్యూల్ నేల చూస్తూ కూర్చున్నాడు. పాపం, అతనితో ఇంకా ఎంతసేపు మాట్లాడిస్తారు.

ఏప్రిల్ 13, మట్టల ఆదివారం

కాజీపేట వెళ్ళొచ్చాం. చర్చిలో అందరూ మట్టలు పట్టుకుని తిరుగుతుంటే మేం ప్లాట్‌ఫాం మీద ఫొటో పట్టుకుని తిరిగాం. కూలీలు చూశారు, చాయ్ వాళ్ళు చూశారు, పోలీసులు చూశారు. వాణ్ణి మాత్రం ఎవరూ చూడలేదన్నారు.

పెళ్ళయ్యాక ఇద్దరం కలిసి దూరం ప్రయాణం చేయడం ఇదే మొదటిసారి. దీన్ని కూడా రాసుకోవాలా. రాశాను.

ఏప్రిల్ 20, ఈస్టర్

బిర్యానీ వండాను. వండకపోతే బాపు బాధపడతాడని. బాపు సైదాబాద్‌లో మా పుట్టింటి నుంచి బస్సులో వచ్చాడు, కోడి కూర టిఫిను తెచ్చాడు. మూడు కంచాలు పెట్టి, నాలుగోది కూడా తీసి, మళ్ళీ లోపల పెట్టాను. బాపు చూడనట్టే ఉన్నాడు.

ఏప్రిల్ 27, ఆదివారం

బల్లార్షా. మహారాష్ట్ర వచ్చేసింది. బడికి సెలవులు ఇచ్చారు, నాకు తెల్లారి పరుగెత్తే పని లేదు. ఎండకు ప్లాట్‌ఫాం రేకులు టపటపమంటున్నాయి. ఫొటో చూపించి చూపించి దాని అంచులు మెత్తబడ్డాయి. వడాపావ్ తిన్నాం. సామ్యూల్ సగం తిని పారేశాడు.

తిరుగు బండిలో అడిగాను. "పోలీసులు కర్నూల్ దిక్కు చూస్తమంటున్నరు. మనమెందుకు ఎప్పుడూ ఇటే వస్తున్నం?"

"నా మనసు ఇటే అంటుంది."

"ఇంకా ముందుకు పోదాంటె? వార్ధా, నాగ్‌పూర్?"

"రేపు డ్యూటీ ఉంది, సోనీ."

మనసు చెప్పేది ఊరికే పోదు. అన్నదమ్ముల రక్తం.

మే 4

మహబూబ్‌నగర్ బస్టాండులో మతి లేని కుర్రవాడు ఉన్నాడని బాపుకు ఎవరో చెప్పారు. వయసు కూడా సరిపోతుందట. సామ్యూల్ కదలలేదు. "వాడు కాదు," అన్నాడు. చూడకుండా ఎట్లా తెలుసని బాపు అడిగితే లేచి బయటికి వెళ్ళిపోయాడు. బాపు ఒక్కడే వెళ్ళి వచ్చాడు. వాడు కాదు.

సామ్యూల్‌కు ఆశ చచ్చిపోయింది, అంతే. ఆశ చచ్చినవాడి మీద కోపం తెచ్చుకోవడం పాపం.

మే 11, ఆదివారం

మంచిర్యాల. స్టేషన్ బయట చెట్టు కింద ముసలావిడ ముంజలు అమ్ముతోంది. నాకు దాహమైతే అటు వెళ్ళాను. సామ్యూల్ వెనక వస్తున్నాడు. ఆమె నన్ను చూడలేదు, అతన్నే చూసింది.

"ఏం కొడుకా, మళ్ళొచ్చినవా. నీ ఎంబడి ఉండె చూడు, ఆ పెద్ద పిలగాడు, ఏడి? ముంజల నీళ్ళన్నీ అంగి మీద పోసుకుండె. మంచిగున్నడా?"

సామ్యూల్ అన్నాడు. "నువ్వు ఎవర్నో చూసి ఎవరనుకుంటున్నవ్ అవ్వా."

ఆమె నవ్వింది. "గట్లనా. ముసలిదాన్నయితి."

ముంజలు కొన్నాను. తియ్యగా లేవు.

మే 12

ముసలావిడకు ఎనభై దాటి ఉంటాయి. ఆ వయసులో చూపు ఏం ఆనుతుంది. రోజుకు ఎంతమంది పోతుంటారు ఆ దారిన.

మే 13

ఫొటో ఆమెకు చూపించలేదు. నా సంచిలోనే ఉంది. ఎందుకు చూపించలేదో.

మే 16

పరదాలు ఉతికాను. దుప్పట్లు ఉతికాను. డానియేలు దిండు గలీబు కూడా ఉతుకుదామని తీసి, వాసన చూసి, మళ్ళీ తొడిగాను.

మే 19

ఏప్రిల్ అయిదున అతని చొక్కా నేనే నానబెట్టాను. మామూలుగా పట్టాల మీద పని చేసి వస్తే గ్రీజు మరకలు ఉంటాయి. ఆ రోజు ఏ మరకా లేదు, ఉత్త చెమట. వెతకడానికి వెళ్ళినవాడికి గ్రీజు ఎందుకు అంటుతుంది. పిచ్చి ఆలోచనలు.

మే 22

అడగాలి.

మే 23

అడగలేదు.

మే 29, గురువారం

ఏడాది.

పొద్దున బాపు ఫోన్ చేసి ప్రార్థన చేశాడు. సామ్యూల్ సాయంత్రం తొందరగా వచ్చాడు. చేతిలో కేకు డబ్బా, ఇంకో చేతిలో కవరు. కవరులోంచి ముదురు ఎరుపు స్వెట్టర్ తీసి నా ఒళ్ళో పెట్టాడు.

"పాసు రాయిచ్చిన. నాలుగు రోజులు. పోయొద్దాం సోనీ. గిట్ల ఇంట్ల కూసొని కూసొని ఇద్దరికీ పిచ్చి లేస్తది."

"డానియేలు?"

"వాడు దొరికితే పోలీసోళ్ళు ఫోన్ చేస్తరు గద."

స్వెట్టర్ ఉన్ని చేతికి గరుగ్గా తగులుతోంది. దాన్ని మడిచి పక్కన పెట్టాను. చాలా మెల్లగా అడిగాను. అరుస్తానేమోనని భయపడ్డాను కానీ నా గొంతు బడిలో హాజరు పిలిచినట్టే ఉంది.

"ముంజల అవ్వ నిన్నెట్ల గుర్తుపట్టింది?"

అతను కేకు దారం విప్పుతున్నాడు. విప్పడం ఆపలేదు. ముడి పడితే గోరుతో లాగాడు. తర్వాత దారం వదిలేసి నా ముందు నేల మీద కూర్చున్నాడు.

"ఆ దినం యాకుత్‌పురా పోలే," అన్నాడు.

నేను కేకు దారం ముడి చూస్తూ కూర్చున్నాను.

"సికింద్రాబాద్ పోయి బండెక్కినం. మంచిర్యాల దాంక కిటికీ కాడనే కూసున్నడు. మస్తు ఖుషీగుండె. దిగి ముంజలు తినిపిచ్చిన. ఎనకొచ్చే నాగ్‌పూర్ బండి ఎక్కిచ్చిన. నీళ్ళ బాటిల్ తెస్త, కూసో అని చెప్పిన."

"చెప్పి?"

"బండి కదిలింది."

"నువ్వు?"

"బయటనే ఉన్న." అరచేతులు నేలకు ఆనించాడు. "తర్వాత ఉరికిన సోనీ. దేవుని తోడు. డబ్బా కమ్మి పట్టుకోవాలని ఉరికిన. అందలే."

ఉరికాడా. నాకు తెలియదు. ఉరికి ఉంటాడని ఇది రాస్తున్నప్పుడు అనుకుంటున్నాను. అతను చెబుతున్నప్పుడు అనుకోలేదు.

"ఎందుకు?"

"నిన్ను చూసి. చపాతీ పీట మీద పడ్డవ్ చూడు ఆ దినం. గిట్లనే ఉంటే ఇంకో ఏడాదికి నువ్వు కూడ అమ్మ లెక్క పోతవనిపిచ్చింది. ఎవరన్న సాధువులు, ఆశ్రమమోళ్ళు తీస్కపోతరు, అన్నం పెడ్తరు అనుకున్న. ఒక్క ఎండకాలం మనిద్దరమే యాడికన్న పోదామనుకున్న."

"నేనడిగిన్నా?"

"అడగలే. నీ మొఖం చూసిన."

నా ముఖం. నాకు నిద్ర రావడం తప్ప ఆ రోజు నా ముఖంలో ఇంకేం ఉంది. దాన్ని చూసి ఇంత అర్థం తీశాడు. ఆదివారం ఆదివారం నా పక్కన కూర్చుని, ఫొటో పట్టుకుని, ఎక్కడ దింపలేదో అక్కడక్కడ వెతికాడు. ఎక్కడ ఉండొచ్చో అక్కడి దాకా మాత్రం పోలేదు. దొరికితే భయం, దొరక్కపోతే భయం.

కేకు ఖాలా ఇంటికి పంపించాను. మాకేదో శుభవార్త ఉందని వాళ్ళు అనుకున్నారు.

మే 30

"పోలీసులకు చెప్పు," అన్నాను. "బండి పేరు చెప్పు. ఏ దిక్కు పోయిండో చెప్పు. వాళ్ళు తప్పు దిక్కు ఎతుకుతున్నరు."

"నౌకరీ పోతది. కేసయితది."

"వాడు బతికుంటే?"

"సోమవారం పోత," అన్నాడు.

జూన్ 2, సోమవారం

వెళ్ళలేదు. డ్యూటీకి వెళ్ళాడు. పొద్దున టిఫిను నేనే కట్టిచ్చాను. ఆలుగడ్డ కూర.

జూన్ 3

నేను వెళ్ళాను.

దారిలో రెండుసార్లు ఆటో ఆపమని చెబుదామనుకున్నాను. భిక్షపతి సార్ విన్నాడు. మధ్యలో పెన్ను కింద పెట్టి అడిగాడు. "నువ్వు సోంచాయించుకునే చెప్తున్నవా అమ్మా? ఇది రాసినంక నీ ఇంటాయన సంగతి నా చేతుల ఉండది."

బాగా ఆలోచించుకునే వచ్చానని చెప్పాను.

ఆయన అంతా రాసుకున్నాడు. తర్వాత తలెత్తాడు. "ఈ మాట ఏప్రిల్ల చెప్పి ఉంటే నాగ్‌పూర్ లైనంతా ఫొటో పంపేటోళ్ళం."

సామ్యూల్ ఇంటికి వచ్చాక చెప్పాను. కొడతాడనుకున్నాను. కాళ్ళు కడుక్కుని వచ్చి అన్నం పెట్టమన్నాడు.

జూన్ 5

పోలీస్ స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. వాడి జాడ తెలియడానికి రెండు రోజులు కూడా పట్టలేదు.

జూన్ 6

పొద్దున సామ్యూల్‌ను పోలీస్ స్టేషన్‌కు రమ్మన్నారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. సాయంత్రం ఇంటికి పంపలేదు. నేను, బాపు నాగ్‌పూర్ బండెక్కాం.

జూన్ 8

వార్ధా దాటాక చిన్న ఊరు. సర్కారు దవాఖాన. రేకుల వరండాలో వేపచెట్టు నీడ.

డానియేలు ప్లాట్‌ఫాం మీద ఎండదెబ్బ తగిలి పడి ఉంటే రైల్వే పోలీసులే తెచ్చి చేర్పించారట. మొదట్లో బాగానే కోలుకున్నాడట. అన్నం తిన్నాడు, నడిచాడు. ఎవరినీ ఏమీ అనలేదు. వాడి ఫొటో చుట్టుపక్కల ఠాణాలకు పంపించారు. ఎవరూ రాలేదు. తర్వాత ఊపిరితిత్తులకు నిమ్ము చేసింది. మే రెండో తేదీ తెల్లవారుజామున పోయాడు. ఎవరైనా వస్తారేమోనని శవాన్ని కొన్నాళ్ళు ఉంచి, అక్కడే ఊరి బయట పూడ్చారు.

ఏప్రిల్ ఇరవై ఏడున మేం బల్లార్షాలో వడాపావ్ తింటున్నప్పుడు వాడు బతికే ఉన్నాడు. అదే లైను మీద. ఇంకొంచెం ముందుకు పోతే చాలు. పోదామని నేనన్నాను కూడా.

అక్కడ ఒక నర్సమ్మ ఉంది. మరాఠీ ఆమె, మాతో హిందీలో మాట్లాడింది. నిదానమైన మనిషి. వాడికి తల దువ్వేదట. వార్డులో అందరూ వాడిని వదీనా అని పిలిచేవారట.

ఆ పేరు ఎవరు పెట్టారని బాపు అడిగాడు. "యే నామ్ కిస్‌నే దియా?"

"ఖుద్ బోల్తా థా. దిన్ భర్ వహీ ఏక్ నామ్. వదీనా, వదీనా. దర్వాజా ఖులే తో ఉఠ్ కే బైఠ్ జాతా."

వాడే రోజంతా ఆ ఒక్క పేరే అనేవాడట. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి కూర్చునేవాడు.

అది వాడి పేరు కాదని, అది నేనని చెప్పడానికి నాకు నోరు రాలేదు. బాపు చెప్పాడు. నర్సమ్మ నన్ను కింది నుంచి మీదికి ఒకసారి చూసింది. నా చెయ్యి పట్టుకుంది. పట్టుకోకుండా ఉంటే బాగుండేది.

ఊరి బయట వరసగా మట్టి కుప్పలు. ఒక దాని ముందు నిలబెట్టి ఇదేనన్నారు. అత్తమ్మ సమాధి పక్కన పెట్టుకుంటామని బాపు అడిగాడు. కేసు తేలేదాకా కుదరదు, కోర్టు నుంచి ఆర్డరు రావాలన్నారు. బాపు ప్రార్థన మొదలుపెట్టి మధ్యలో ఆపేశాడు. చర్చిలో నలభై ఏళ్ళుగా ప్రార్థన చేసే మనిషి.

జూన్ 12

సామ్యూల్‌ను చంచల్‌గూడ జైలుకు పంపారు.

జూన్ 15, ఆదివారం

చర్చికి వెళ్ళాను. నేను కూర్చున్న బెంచీలో మిగతా ఆడవాళ్ళు కొంచెం జరిగి కూర్చున్నారు. బయటికి వస్తుంటే వెనక నుంచి వినబడింది. "ఏడాది తిరిగిందో లేదో మొగణ్ణి లోపలేపిచ్చింది. ఆ పిచ్చోడు ఎట్లయినా పోయేటోడే."

వెనక్కి తిరిగి చూడలేదు. ఎవరో నాకు తెలుసు. అత్తమ్మ చావుకు నా పక్కన కూర్చుని ఏడ్చిన మనిషే.

జూన్ 17

సామాను కొంత సైదాబాద్‌కు చేర్చాం. బాపు వచ్చి ఉండమన్నాడు. బడిలో హెడ్ మేడం ఈ ఏడు వద్దంది, పేరెంట్స్ ఏమంటారోనని. ఖాలా మాత్రం ఆటో దాకా వచ్చింది. "సహీ కియా బేటీ," అంది. మంచి పని చేశానని ఇంతవరకు నాతో అన్నది ఆమె ఒక్కతే. నాకు మాత్రం మంచి పని చేసినట్టు లేదు. చేయకపోతే ఎట్లా ఉండేదో కూడా తెలియదు.

జూన్ 24, మంగళవారం

జైల్లో సామ్యూల్‌ను చూడడానికి ములాఖత్‌కు వెళ్ళాను. వెళ్ళనని బాపుతో చెప్పి, తర్వాత చెప్పకుండా వెళ్ళాను. సైదాబాద్ నుంచి నడిచే దూరమే.

ఇనుప జాలీకి అటువైపు సామ్యూల్ వచ్చి నిలబడ్డాడు. చిక్కిపోయాడు. గడ్డంలో అక్కడక్కడ తెల్లవెంట్రుకలు. ఇరవై తొమ్మిదేళ్ళకే. చుట్టూ అందరూ అరిచి మాట్లాడుకుంటున్నారు.

"అన్నం తింటున్నవా?" అన్నాడు.

"తింటున్న. నువ్వు?"

"పెడ్తున్నరు."

వెనక నుంచి పోలీసాయన టైం అయిందని కర్రతో బల్ల మీద కొట్టాడు. అప్పుడు సామ్యూల్ జాలీ దగ్గరికి వంగాడు.

"ఆ దవాఖానల... వాడేమన్న అన్నడా? నన్ను యాది చేసిండా?"

అతని ముఖం చూశాను. ఏ జవాబు కోరుకుంటున్నాడో అందులో కనబడలేదు. లేదంటే బతికిపోతాడా, అవునంటే బతికిపోతాడా, తెలియలేదు.

"చేసిండంట," అన్నాను. "దినమంతా నిన్నే పిలిచిండంట. అన్నా, అన్నా అనుకుంట."

సామ్యూల్ నుదురు జాలీకి ఆనించాడు. భుజాలు ఊగసాగాయి. పోలీసాయన వచ్చి చెయ్యి పట్టి వెనక్కి తీసుకెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ నా వైపు తిరిగి దండం పెట్టాడు, నేనేదో ఇచ్చినట్టు.

జాలిపడి చెప్పానా, ఆ మాట అతన్ని బతికినన్నాళ్ళూ తినాలని చెప్పానా. ఇంటికి వచ్చేదాకా దారంతా ఆలోచించాను. బాపు చాయ్ ఇచ్చి ఎక్కడికి వెళ్ళావని అడిగితే మార్కెట్‌కు అని చెప్పాను.

ఇప్పటికీ తేలలేదు. వచ్చే మంగళవారం మళ్ళీ ములాఖత్ ఉంది. వెళ్తాననే అనుకుంటున్నాను.